బ్లాకుల లిస్టుతో పాటు రేట్లు కూడా పోయినాయి: చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో జరిగిన ఒక కేస్ స్టడీ

నేను ఒంగోల్లో చిన్న చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు, మెయిళ్ళు, బ్యాకప్‌లు చూసుకునే పని చేస్తా, వాటిల్లో ఎక్కువ కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి దాకా ఉండే గ్రానైట్ వాళ్ళవే. ఈ కేసు ఆ ఆఫీసుల్లో ఒకదాంట్లో జరిగింది. ఓనరు గారు రాయమన్నారు కానీ పేరు వద్దన్నారు, కాబట్టి ఆఫీసు పేరు గానీ కొనే పార్టీల పేర్లు గానీ ఇందులో ఉండవు, బ్లాకు నంబర్లు కూడా మార్చేశా. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ముందు ఈ వ్యాపారం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే రేటు బయటికి పోతే ఏమవుద్ది అనేది అర్థం కాదు. చీమకుర్తి గెలాక్సీ అంటే నల్లరాయిలో బంగారు చుక్కలు, ఆ చుక్కలు బ్రోంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. చుక్కలు ఎంత దగ్గరగా ఉన్నాయి, గీతలు ఉన్నాయా, బ్లాకు సైజెంత, వీటిని బట్టి ఒకే క్వారీలో పక్కపక్కన తీసిన రెండు బ్లాకులకే రేటు మారిపోద్ది. బోర్డు పెట్టి అమ్మే సరుకు కాదు ఇది. కొనే పార్టీ మనిషి యార్డుకి వచ్చి, బ్లాకు మీద నీళ్ళు కొట్టి చూసి, మార్కింగ్ చేసుకుని, క్యూబిక్ మీటరుకి ఇంత డాలర్లని ఓనరుతో కూర్చుని మాట్లాడుకుంటాడు. పార్టీ పార్టీకి రేటు వేరు. ఒకడు ముందే డబ్బు కడతాడు, ఒకడు ఎల్సీ, అంటే డబ్బు ఇస్తామని బ్యాంకు ఇచ్చే హామీ కాగితం, పెడతాడు, ఒకడు చిన్న సైజులు కూడా కలిపి తీసుకుంటాడు కాబట్టి వాడికి కాస్త తగ్గిస్తారు. ఆ తగ్గింపు ఇంకొకడికి తెలిసిందంటే వాడు ఆ కారణాలేవీ వినడు, నాకూ అంతే ఇవ్వు అంటాడు.

జరిగింది కూడా అదే. మార్కింగ్‌కి వచ్చిన ఒక పార్టీ ఏజెంటు, యార్డులో బ్లాకులు చూస్తా చూస్తా, ఫలానా పార్టీకి 417 నంబరు బ్లాకు నాకంటే క్యూబిక్ మీటరుకి 35 డాలర్లు తక్కువకి ఇచ్చారంట గదా అని అడిగాడు. ఇంకో రెండు బ్లాకుల రేట్లు కూడా నంబర్లతో సహా చెప్పాడు. ఓనరు గారికి అక్కడ నోట మాట రాలేదు, సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మా ఆఫీసులో ఎవడో అమ్ముకున్నాడబ్బా, ఎవరో తేల్చు" అన్నారు.

ఇక్కడే నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను వెళ్ళేలోపే ఆఫీసులో అందరూ ఒక మనిషి వైపు చూడటం మొదలుపెట్టేశారు. ప్యాకింగ్ లిస్టులు, ఇన్‌వాయిస్‌లు చేసే అమ్మాయి, రెండేళ్ళ నుంచి అక్కడే చేస్తా ఉంది, రేట్ల ఫైలు ఆ అమ్మాయి దగ్గరే ఉంటది. రేట్లు తెలిసింది ముగ్గురికే, ఓనరు గారు, వాళ్ళబ్బాయి, ఈ అమ్మాయి, మరి ఇంకెవరు చెప్తారు అనేది వాళ్ళ లెక్క. నేను వెళ్ళేటప్పటికి ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి కూర్చోనుంది, ఫోన్ ఓనరు టేబుల్ మీద ఉంది. నేను ఫోన్ ఆ అమ్మాయికి ఇచ్చేయమన్నా, ఫైలు ఎట్టా పోయిందో తెలియకుండా మనిషి మీద పడితే నాకు ఈ పని వద్దన్నా. ఓనరు గారు మంచాయనే, ఆ కోపంలో అట్టా చేశారు, వెంటనే ఇచ్చేశారు.

మొదటి రెండు రోజులు రేట్లు బయటికి పోవడానికి ఎన్ని దార్లు ఉన్నాయో రాసుకున్నా, అవి చూసే కొద్దీ నాకే భయం వేసింది. గూగుల్ డ్రైవ్‌లో బ్లాకుల ఫోటోలకని ఒక ఫోల్డర్ చేసి, లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగులో పెట్టి, ఆ లింకు ఏజెంట్లందరికీ పంపేశారు. ఫోల్డర్‌కి ఏ పర్మిషన్ ఇస్తే దాని లోపల తర్వాత ఎప్పుడు ఏది పెట్టినా అదే పర్మిషన్ వచ్చేస్తది, ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఫోటోల ఫోల్డర్‌ లోపలే ఎవరో తర్వాత ఎల్సీ కాపీలు, లారీ డ్రైవర్ల ఆధార్‌లు, బ్యాంకు లెటర్లు పెట్టేశారు. అంటే మూడేళ్ళ క్రితం పని అయిపోయి వెళ్ళిపోయిన ఏజెంటు ఆ పాత లింకు నొక్కినా ఇవన్నీ చూడొచ్చు. ఆఫీసు వాట్సాప్ చూస్తే వెబ్‌లో ఆరు నెలల నుంచి లాగిన్ అయి ఉన్న ఒక కంప్యూటరు కనపడింది, అది ఎక్కడిదని అడిగితే ప్రింట్లు తీసుకునే జిరాక్స్ షాపుది. షాపాయన మంచోడే కావచ్చు, కానీ ఆ కంప్యూటరు ముందు రోజుకి ఎంతమంది కూర్చుంటారో ఆయనకే తెలియదు. లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్ళి అప్పటికప్పుడు లాగౌట్ చేశా.

ఈ రెండూ దొరకగానే ఓనరు గారబ్బాయి, దొరికింది గదన్నా డ్రైవే, ఇంక వదిలెయ్ అన్నాడు. నాకు మాత్రం కుదర్లేదు. ఆ ఫోల్డర్‌లో రేట్లు లేవు. జిరాక్స్ షాపుకి పంపిన వాటిల్లోనూ రేట్లు లేవు. తలుపు తెరిచుంది నిజమే, కానీ పోయిన వస్తువు ఆ గదిలో లేదు. మొదట కనపడ్డ తప్పు దగ్గరే ఆగిపోతే అసలు దారి తెరుచుకునే ఉంటది, పైగా ఆ అమ్మాయి మీద అనుమానం ఎవరికీ పూర్తిగా పోదు.

దారి దొరికింది ఒక తప్పు అంకె వల్ల. ఏజెంటు చెప్పిన మూడు రేట్లు ఓనరు గారు ఒక కాగితం మీద రాసుకున్నారు, వాటిని నేను ఇన్‌వాయిస్‌లతో పోల్చి చూశా. రెండు సరిపోయినాయి. మూడోది, 417ది, ఇన్‌వాయిస్‌లో ఉన్న దానికంటే 20 డాలర్లు తక్కువ. అంటే ఓనరు గారు ఆ బ్లాకుని ఆ రేటుకి అసలు అమ్మనే లేదు. ఆ అమ్మాయిని అడిగితే వెంటనే చెప్పింది, "అన్నా అది నేను మొదట తప్పు కొట్టా, గురువారం సార్ చూసి చెప్తే దిద్దా" అని. ఆ తప్పు అంకె ఎక్సెల్‌లో మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం పొద్దున దాకా మాత్రమే ఉంది. ఎవరైనా నోటితో చెప్పి ఉంటే అసలు రేటే చెప్తారు, ఇన్‌వాయిస్ కాపీ ఇచ్చి ఉన్నా అసలు రేటే కనపడుద్ది. తప్పు అంకె వచ్చిందంటే ఆ రెండు రోజుల్లో ఆఫీసు దాటి వెళ్ళిన ఎక్సెల్ ఫైల్లో నుంచే రావాలి. సెంట్ మెయిల్స్‌లో ఆ రెండు రోజులు చూస్తే ఎక్సెల్ అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ ఒక్కటే ఉంది, అదే ఏజెంటుకి పంపిన ప్యాకింగ్ లిస్టు.

కంప్యూటర్లో ఉన్న కాపీ కాదు, మెయిల్లో వెళ్ళిన కాపీనే దించి తెరిచా. ఇది ఎవరు చేసినా గుర్తు పెట్టుకోవాల్సిన పని, ఇంట్లో ఉన్న ఫైలు తర్వాత పదిసార్లు మారిపోయి ఉంటది, బయటికి వెళ్ళింది వెళ్ళినట్టే చూడాలి.

తెరిస్తే ఒకటే షీట్. బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, గ్రాస్, నెట్, అంతే, రేటు అనే కాలమే లేదు. దాచిన షీట్ ఉందేమో అని కింద ట్యాబ్ మీద రైట్ క్లిక్ కొట్టి అన్‌హైడ్ చూశా, ఏమీ లేదు. ఆ అమ్మాయి చెప్పింది కూడా ఇదే, "రేట్ల షీట్ డిలీట్ చేసే పంపానన్నా, హైడ్ కూడా చేయలేదు, పూర్తిగా తీసేశా" అని, ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఫైల్లో రేట్ల షీట్ లేదు. కానీ రేట్లు ఉన్నాయి.

లిస్టు పక్కన ఒక చిన్న టేబుల్ ఉంది, గ్రేడు వారీగా ఎన్ని బ్లాకులు, ఎన్ని క్యూబిక్ మీటర్లు అని, కొనేవాళ్ళు కంటైనర్ల లెక్క చూసుకోవడానికి అడుగుతారు. అది పివట్ టేబుల్, అంటే పెద్ద లిస్టుని ఎక్సెల్ తనే గ్రూపులుగా కూడి చూపించే టేబుల్. నేను ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కి ఆ టేబుల్ మీద ఒక్క క్లిక్ కొట్టగానే కుడి పక్కన ఫీల్డ్ లిస్ట్ తెరుచుకుంది, అందులో పార్టీ, రేటు, అమౌంట్ అని వరసగా పేర్లు. టోటల్ అంకె మీద డబుల్ క్లిక్ కొడితే కొత్త షీట్ ఒకటి దానంతట అదే వచ్చి కూర్చుంది, ఆ సీజన్లో అమ్మిన ప్రతి బ్లాకూ, ఎవరికి అమ్మారు, ఎంతకి అమ్మారు అనేది మొత్తం. 417 ఎదురుగా ఆ తప్పు అంకె.

ఇది ఎందుకు అట్టా అవుద్దంటే, పివట్ టేబుల్ చేసినప్పుడు ఎక్సెల్ మూలం డేటా మొత్తాన్ని ఒక కాపీ తీసి లోపల విడిగా దాచుకుంటది, దాన్ని పివట్ క్యాష్ అంటారు. టేబుల్లో మనం రెండు కాలమ్‌లే చూపించినా క్యాష్‌లో మూలం షీట్‌లో ఉన్న కాలమ్‌లన్నీ ఉంటాయి. తర్వాత మూలం షీట్ డిలీట్ చేసినా ఆ కాపీ అట్టాగే ఉంటది, సేవ్ చేస్తే ఫైల్‌తో పాటే సేవ్ అవుద్ది, మెయిల్ చేస్తే ఫైల్‌తో పాటే పోద్ది. ఈ ఆఫీసులో అలవాటు ఏందంటే పెద్ద మాస్టర్ ఫైలు తెరిచి, సేవ్ యాజ్ కొట్టి, పార్టీకి అక్కర్లేనివి తీసేసి పంపడం. తీసేసే పని ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా చేసింది. కంటికి కనపడనిది ఎవరు తీస్తారు?

ఏజెంటు దొంగతనం చేశాడని కూడా నేను అనను. తర్వాత ఓనరు గారు అడిగితే, కంటైనర్ లెక్క కోసం ఆ టేబుల్ మీద నొక్కితే ఇవన్నీ వచ్చినాయి సార్, మీరే పంపారు గదా అన్నాడంట. అది నిజమే కావచ్చు, డబుల్ క్లిక్ కొట్టడానికి ఎవరికీ ప్రత్యేకంగా చదువు అక్కర్లేదు.

ఆ సాయంత్రం ఓనరు గారిని, వాళ్ళబ్బాయిని, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మూడు సంగతులు కళ్ళ ముందు చేసి చూపించా. ఒకటి ఈ పివట్. రెండోది, ఎక్సెల్ షీట్‌కి పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేశాం, ఇంకేం భయం అనుకుంటారే, అది. ప్రొటెక్ట్ షీట్ అనేది ఎవరైనా పొరపాటున అంకెలు మార్చకుండా పెట్టింది, దాచడానికి పెట్టింది కాదు. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు, పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరిస్తే లోపల వర్క్‌షీట్స్ అనే ఫోల్డర్‌, అందులో మన అంకెలన్నీ మామూలు అక్షరాల్లో కనపడతాయి, షీట్ హైడ్ చేసినా అంతే, లాక్ చేసినా అంతే. ఫైలు మొత్తానికి తాళం వేసేది వేరే ఉంది, ఫైల్ మెనూలో ఇన్ఫోలో ప్రొటెక్ట్ వర్క్‌బుక్ కింద ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ అని. 2007 వెర్షన్ నుంచి అది ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో గట్టిగా చుట్టేస్తది, పాస్‌వర్డ్ లేకుండా ఫైలు తెరుచుకోనే తెరుచుకోదు. మర్చిపోతే మాత్రం మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు, ఆ సంగతి ముందే చెప్పా.

మూడోది పీడీఎఫ్. ఈ ఆఫీసు వాళ్ళు పాత ఇన్‌వాయిస్ శాంపిల్ అడిగితే రేటు మీద, అకౌంట్ నంబరు మీద నల్ల డబ్బా గీసి పంపేవాళ్ళు. అట్టా పంపిన దాన్ని తెరిచి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశా. నల్ల డబ్బా కింద ఉన్న అంకెలన్నీ స్పష్టంగా వచ్చి పడినాయి. డబ్బా అనేది పైన పరిచిన గుడ్డ లాంటిది, కింద ఉన్నది కింద ఉన్నట్టే ఉంటది. ఓనరు గారు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి "తప్పు నాదమ్మా, ఏమనుకోబాక" అన్నారు. ఆ మాట అందరి ముందూ అనడం నాకు బాగా నచ్చింది, అనుమానం కూడా అందరి ముందే గదా పెట్టింది.

ఇంక ఏం మార్చామో చెప్తా.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటే, తీసేసి పంపడం మానేశాం, కావాల్సింది మాత్రమే కొత్తగా కట్టి పంపడం మొదలుపెట్టాం. మాస్టర్ ఫైలు ఆఫీసు కంప్యూటర్ దాటదు, దానికి ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్. పార్టీకి లిస్టు కావాలంటే ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, మాస్టర్‌లో నుంచి లిస్టుకి కావాల్సిన కాలమ్‌లు మాత్రమే కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ అని పేస్ట్ చేయాలి. షీట్‌ని మూవ్ ఆర్ కాపీ కొట్టి కొత్త ఫైల్లోకి తేకూడదు, అట్టా తెస్తే ఫార్ములాలు మాస్టర్‌కి లింకులు పెట్టుకుని వస్తాయి, ఆ లింకులతో పాటు పాత విలువలు కూడా లోపల సేవ్ అవుతాయి, ఇది పివట్‌కి అన్న లాంటిది. గ్రేడు వారీ టేబుల్ కావాలంటే దాన్నీ అంకెలుగానే పేస్ట్ చేయాలి. కొనేవాళ్ళకి లెక్కలు చేసుకోడానికి ఎక్సెలే కావాలంటే నేనైతే సీఎస్‌వీ ఇవ్వమంటా, అందులో ఒక షీట్‌లోని అక్షరాలు, కామాలు తప్ప ఇంకేం పట్టవు, దాక్కోడానికి చోటే లేదు. చూసుకోడానికి మాత్రమే అయితే పీడీఎఫ్. ఎక్సెల్లో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అని ఉంది, పంపే ముందు అది కూడా నడపమన్నా, దాచిన వరసలు, కామెంట్లు, రాసినవాళ్ళ పేరు పట్టుకుంటది, కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా చెప్పా, కొన్నిటిని ఉన్నాయని చూపిస్తది గానీ తీసెయ్యదు.

డ్రైవ్‌లో పాత ఫోల్డర్ మొత్తం రెస్ట్రిక్టెడ్ చేసి, పార్టీకి ఒక ఫోల్డర్ చొప్పున కట్టి, మెయిల్ ఐడీ పేరు మీద మాత్రమే పర్మిషన్ ఇచ్చాం, చూసేవాళ్ళు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోడానికి లేకుండా సెట్టింగ్స్‌లో టిక్ తీసేశాం. స్క్రీన్‌షాట్ తీసుకుంటే ఆపేది ఏదీ లేదు, కాబట్టి ముఖ్యమైన కాగితం మీద అడ్డంగా ఆ పార్టీ పేరు, తేదీ వాటర్‌మార్క్ వేయిస్తన్నా, రేపు ఎక్కడన్నా తేలితే ఎవరి కాపీనో తెలుస్తది.

చైనా పార్టీలతో ఇంకో ఇబ్బంది ఉంది, అక్కడ గూగుల్ డ్రైవ్ తెరుచుకోదు, వాట్సాప్ కూడా నడవదు. వాళ్ళు వాడే వీచాట్‌ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో ఆపేసిన 59 యాప్‌లలో కలిపి ఆపేసింది. అందుకే వాళ్ళకి మెయిల్ అటాచ్‌మెంటే దిక్కు. దానికి పాస్‌వర్డ్ పెట్టిన ఎక్సెల్, నాలుగైదు ఫైళ్ళు ఉంటే 7జిప్ అనే సాఫ్ట్‌వేర్లో ఏఈఎస్-256 పెట్టి ఒకటిగా కట్టడం, పాస్‌వర్డ్ మాత్రం అదే మెయిల్లో రాయకుండా ఫోన్లో చెప్పడం. మొదట్లో ఈ ఆఫీసు వాళ్ళు పాస్‌వర్డ్‌గా ఇన్‌వాయిస్ నంబరే పెట్టారు, ఆ నంబరు ఫైలు పేర్లోనే ఉంది. అది మాన్పించి పార్టీకొకటి చొప్పున నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టించా, ఫోన్లో చెప్పడం కూడా సులువైంది.

ఆధార్‌ల సంగతి త్వరగా చెప్పేస్తా. డ్రైవర్లవైనా ఓనర్లవైనా బయటికి పంపాల్సి వస్తే ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్లోనే మాస్క్‌డ్ ఆధార్ అని దించుకోవచ్చు, చివరి 4 అంకెలే కనపడతాయి. జిరాక్స్ షాపుకి వాట్సాప్ చేయడం ఆపి ఆఫీసుకి ఒక ప్రింటర్ కొనిపించా, ఖర్చు పెద్దదేం కాదు.

బ్యాంకు అకౌంట్ విషయం మాత్రం కొంచెం గట్టిగా చెప్పా. ఎల్సీ కాపీలు, బ్యాంకు లెటర్లు ఇన్నాళ్ళు ఆ ఓపెన్ లింకులో ఉన్నాయి గదా, రేటు తెలియడం వల్ల ఓనరు గారికి పోయింది ఒక బేరంలో కాస్త డబ్బు, కానీ ఆ కాగితాలు మోసగాళ్ళ చేతిలో పడితే, అచ్చం అట్టాంటి లెటర్‌హెడ్ మీద మా అకౌంట్ మారింది, ఇక్కడికి పంపండి అని కొనే పార్టీకి మెయిల్ పెడతారు, కంటైనరు వెళ్ళిపోద్ది, డబ్బు ఇంకెక్కడికో పోద్ది. అందుకని పార్టీలందరికీ లెటర్ పంపించాం, మా అకౌంట్ మారిందని మెయిల్లో ఎవరు చెప్పినా నమ్మకండి, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఓనరు గొంతు విన్నాకే మార్చండి అని. మన వైపు అట్టా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని గోడ మీద రాయించా, ఆలస్యం అయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోద్ది.

ఆ ఏజెంటుతో బేరం ఏమైందంటే, ఓనరు గారు దాచకుండా చెప్పేశారు, అది టైపింగ్ తప్పు, ఇదిగో ఇన్‌వాయిస్, అసలు తేడా 15 డాలర్లు, అది కూడా ఆ ఇంకో పార్టీ చిన్న సైజులు కలిపి తీసుకున్నందుకు అని. ఏజెంటు రేటు కొంత తగ్గించుకున్నాడు, పార్టీ పోలేదు. కాకపోతే ఈ సీజన్ మొత్తం ఆ పార్టీతో ప్రతి బ్లాకుకీ గట్టిగా బేరం ఆడాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి పని మానలేదు, మానేస్తదేమో అని నేను భయపడ్డా. మొన్న పొద్దున్నే ఫోన్ చేసింది, "అన్నా, పాలిషింగ్ యూనిట్ వాళ్ళు స్లాబుల లిస్టు పంపారు, తెరిస్తే అప్‌డేట్ లింక్స్ అని అడుగుతోంది, ఎడిట్ లింక్స్‌లో చూస్తే వాళ్ళ రేట్ల ఫైలు పేరు కనపడతా ఉంది, లోపల అంకెలు కూడా ఉంటాయి గదా, నేను చూడలేదు, మూసేశా, వాళ్ళకి చెప్పనా?" అని. చెప్పమన్నా. ఆ యూనిట్ ఓనరు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, రేపు వచ్చి మా ఫైళ్ళు కూడా ఒకసారి చూడమన్నారు.